ఒక బస్తా, మూడు పొట్లాలు, గోపమ్మ

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. మిర్యాలగూడ గోదాములో ఒకే బస్తాలోంచి తీసిన బియ్యాన్ని మూడు పొట్లాలు కట్టి, ఒకదాని మీద మిర్యాలగూడ అని, ఇంకోదాని మీద సూర్యాపేట అని, మూడోదాని మీద కోదాడ అని రాసి మూడు మిల్లులకూ పంపింది నేనే. నవ్వుకుందామని పంపాను. పంపిన సంగతి ఎవరికీ చెప్పకుండా జాతరకు పోయాను. తిరిగొచ్చేసరికి, ఇరవై రెండేళ్లుగా గోపమ్మ కూర్చుంటున్న కుర్చీలో వేరే మనిషి కూర్చుని ఉన్నాడు.

ఆ రోజుల్లో చేసిన పనులకు 'నేను' అని రాసుకోవాలంటే చెయ్యి రావడం లేదు. అందుకని ఇక్కణ్ణుంచి నన్ను శ్రీకాంత్ అనే పిలుస్తాను. వాణ్ణి మీరు ఎంత తిట్టుకున్నా నాకేం అభ్యంతరం లేదు. కథ గోపమ్మది. ఆమె తర్వాత నాకు చెప్పినవీ, నన్ను తిట్టినవీ కలిపి రాస్తున్నాను.

గోపమ్మది దామరచర్ల దగ్గర ఊరు, గొర్రెల మంద ఉన్న ఇల్లు. చిన్నప్పుడు పొద్దుగూకే వేళ మంద దొడ్లోకి వస్తుంటే, తండ్రి లెక్క మొదలుపెట్టకముందే ఏ గొర్రె రాలేదో చెప్పేసేది. అంకెలు రాకపోయినా ముఖాలు గుర్తుండేవి. జానయ్యతో పెళ్లయ్యాక మందను ఆయన చూసుకున్నాడు, ఆమె మిర్యాలగూడలో ఉప్పుడు బియ్యం మిల్లులో కళ్లం ఊడ్చే పనికి చేరింది. ఒకరోజు ఊడుస్తూ ఊడుస్తూ చీపురు ఆపి, కింద పడ్డ గింజ ఒకటి ఏరి, ఇది ఈ కుప్పది కాదు, నిన్న వచ్చిన లారీలోది, రెండూ కలిసిపోయాయి అంది. అప్పటి గుమస్తా సత్యనారాయణ నవ్వబోయి, ఎందుకైనా మంచిదని కుప్ప తిరగేయించి చూస్తే ఆమె అన్నట్టే ఉంది. మర్నాటి నుంచి చీపురు ఇంకొకరికి పోయింది, శాంపిల్ బల్ల గోపమ్మకు వచ్చింది.

కిటికీ పక్కన చెక్కబల్ల, దాని మీద నల్లరంగు పలక. పలక మీద ఐదు వందల గింజలు పోసుకుంటుంది. నిండు గింజ ఎడమకు, నూక కుడికి, నల్లది పైకి. చేతులు వాటంతటవే నడుస్తుంటాయి, కళ్లు మాత్రం కదలవు. ఏదైనా గింజ మీద అనుమానం వస్తే ఎడమ బొటనవేలి మీద ఒక్క క్షణం ఆనించి, అటో ఇటో తోసేస్తుంది. ఇంతలో ఎవరైనా పలకరిస్తే జవాబు చెప్తుంది గాని తల ఎత్తదు. ఏరడం అయ్యాక నూటికి ఇన్ని నూకలు అని ఒక అంకె చెప్తుంది. ఆ అంకెను బట్టి లారీ కదులుతుంది, లేదంటే బియ్యం దిగి మళ్లీ జల్లెళ్ల మీదికి పోతుంది. డ్రైవర్లు చాయ్ తెచ్చిపెట్టేవారు. తాగేది, అంకె మాత్రం మార్చేది కాదు. ఒకసారి మిల్లు యజమాని బామ్మర్ది లారీనే దింపించింది. ఆయన నెల రోజులు ఆ కిటికీ వైపు చూడలేదు.

యజమాని మురళీధర్ సారుకు మూడు మిల్లులు. మిర్యాలగూడది పాతది, తర్వాత సూర్యాపేటలో ఒకటి, కోదాడలో ఒకటి పెట్టాడు. మూడింటి బియ్యమూ ఒకే పేరున్న సంచుల్లో పోతుంది. చిక్కంతా అక్కడే వచ్చింది. కేరళలో కొనే వ్యాపారి ఫోన్ చేసి, మీ సంచి ఒకటే, లోపల బియ్యం మాత్రం లారీకో రకంగా ఉంటోంది, ఒకసారి ముత్యాల్లా ఉంటే ఇంకోసారి సగం నూకే, ఏదో ఒకటి తేల్చండి అన్నాడు.

తేల్చే పని శ్రీకాంత్ నెత్తిన పడింది. పడలేదు, వాడే ఎత్తుకున్నాడు. డిగ్రీ మధ్యలో వదిలేసి బిల్లులు కొట్టే పనిలో చేరిన వాడికి ఫోనులో వీడియోలు చూసి నాణ్యత పాఠాలు నేర్చుకున్నానని గట్టి నమ్మకం. మొదట మూడు మిల్లుల్లో రోజూ నూక ఎంతో రాద్దాం సారూ, ఎక్కడ ఎక్కువుంటే అక్కడ పట్టుకుందాం అన్నాడు. కంప్యూటర్లో ఒక కాగితం తయారు చేశాడు. తేదీ, మిల్లు, లారీ నంబరు, ఏరినవాళ్ల పేరు, నూటికి నూక, ఉండాల్సిన హద్దు. గడులకు రంగులు కూడా వేశాడు. హద్దు దాటితే ఎరుపు, దాటకపోతే పచ్చ. మూడు మిల్లుల్లో మూడు గోడలకు అంటించాడు. అంత చక్కటి కాగితం ఆ మూడు ఊళ్లలో ఏ మిల్లులోనూ ఉండదని వాడి అభిప్రాయం.

మూడు నెలలు రాశారు. కోదాడ ఎప్పుడూ పచ్చే. సూర్యాపేట ఒకరోజు పచ్చ, ఒకరోజు ఎరుపు. మిర్యాలగూడ ఎక్కువగా ఎరుపే. సారు మిర్యాలగూడ మిల్లులో వడ్ల పొట్టు తీసే రబ్బరు రోలర్లు రెండుసార్లు మార్పించాడు. అంకె దిగలేదు. మిర్యాలగూడలో వారంలో ఒక్క గురువారం మాత్రం కాస్త బాగుండేది. శ్రీకాంత్ దాని మీద లోతుగా ఆలోచించి, బుధవారం డ్యూటీలో ఉండే బాయిలర్ మనిషి వడ్లు బాగా ఉడికిస్తున్నాడని కనిపెట్టాడు. సారు ఆ బాయిలర్ మనిషికి అందరి ముందూ మైసూర్‌పాక్ డబ్బా ఇచ్చాడు. ఆ మనిషి డబ్బా పట్టుకుని, తానేం చేశాడో తెలియక, అందరికీ తలా ఒక ముక్క పంచాడు.

కోదాడలో బియ్యం ఏరేది లాజరు. మంచివాడే గాని, మీటింగ్ అయితే చాలు, మా కోదాడ బియ్యం చూసుకుని తల దువ్వుకోవచ్చండి, అద్దంలా ఉంటది అంటాడు. శ్రీకాంత్‌కు చెవులు నొప్పి పుట్టాయి. నెలాఖరుకు ప్రతి మిల్లు నుంచీ ఒక పొట్లం తీసి, ఆ మిల్లు వాళ్లతోనే ఏరించి అంకె రాయాలని నియమం. బండి మీద సూర్యాపేటకు, కోదాడకు తిరగాల్సింది వాడే. బద్ధకం ఒకటి, కొంటెతనం ఒకటి. మిర్యాలగూడ బస్తా ఒకటి విప్పి మూడు పొట్లాలూ దాంట్లోంచే కట్టి, బయటి ఊళ్లవి లారీల్లో పంపేశాడు. లాజరు మా కోదాడ బియ్యం అని మురిసిపోయాక, అది మిర్యాలగూడది అని చెప్పి నవ్వాలని ఆలోచన. శుక్రవారం అంకెలు వచ్చాయి, కంప్యూటర్లోకి ఎక్కాయి. ఆదివారం పెద్దగట్టు జాతర మొదలు. వాడు స్నేహితులతో అటే పోయాడు. ఆ గట్టున్న దురాజ్‌పల్లిలో, ఆ జనంలో ఫోన్ ఛార్జింగ్ ఒక పూటకే అయిపోయింది.

గోపమ్మ కూడా జాతరకే పోయింది. కిందటేడు మందకు రోగం వచ్చి పాతిక గొర్రెలు లేవకుండా పడిపోతే పెద్దగట్టు లింగమంతుల స్వామికి మొక్కుకుంది. మంద బతికితే, జాతరకు రెండు వారాల ముందు దిష్టిపూజ జరిగిన రోజు నుంచి స్వామిని చూసేదాకా నెత్తికి నూనె పెట్టను, గోళ్లు తియ్యను అని. మంద బతికింది. మొక్కు ప్రకారం పొట్టేలునిచ్చి, బోనం పెట్టి, బుధవారం ఇంటికొచ్చి తలంటుకుని, జానయ్య బ్లేడు తీసుకుని గోళ్లు తీసుకుంది. గురువారం పొద్దున పసుపు బండారు బొట్టు పెట్టుకుని, మిల్లు వాళ్లందరికీ ప్రసాదం మూటగట్టుకుని పనిలోకి వచ్చింది.

తన కుర్చీలో లాజరు ఉన్నాడు.

ఆమె ముందు సంతోషించింది. కోదాడ నుంచి చుట్టపుచూపుగా వచ్చాడనుకుని ప్రసాదం చేతిలో పెట్టింది. లాజరు తీసుకున్నాడు గాని తినలేదు. సగం లేచి, సగం కూర్చుని, సారు రమ్మంటున్నారక్కా అన్నాడు.

సారు గదిలో కూర్చోబెట్టి మెల్లగా చెప్పాడు. మూడు పొట్లాల్లో కోదాడది ఆరు, సూర్యాపేటది పదకొండు, మనది పద్దెనిమిది. పద్దెనిమిది అంటే బియ్యమే బాగాలేదనుకుని సారు భయపడ్డాడు. కానీ పొద్దున లాజరును పిలిపించి మిర్యాలగూడ పొట్లంలో మిగిలిన బియ్యాన్ని మళ్లీ ఏరిస్తే ఆరే వచ్చింది. అంటే బియ్యం మంచిదే. ఇన్నాళ్లూ మంచి బియ్యాన్ని చెడ్డదని దింపించాం, మంచి రోలర్లను పారేశాం. వయసుతో చూపు మసకబారుతుంది, ఎవరికైనా తప్పదు. దవాఖానలో చూపిద్దాం, అద్దాలు ఇప్పిస్తాను, ఈ లోపల సంచులు కుట్టే దగ్గర కూర్చో, జీతం తగ్గదు అన్నాడు.

సారు కోప్పడి ఉంటే గోపమ్మ ఎదురు మాట్లాడేది. అద్దాలు ఇప్పిస్తానంటే ఏమని ఎదురాడాలి? నిన్ననే, లక్ష మంది జనంలో, అర ఫర్లాంగు అవతల కొండెక్కుతున్న తన పెద్దకోడలిని నడకను బట్టి గుర్తుపట్టింది. ఆ కళ్ల గురించి ఈయన మాట్లాడుతున్నాడు. మోకాళ్ల మీద రెండు చేతులూ పెట్టుకుని, లేవాలంటే ఎట్లా లేవాలో మరిచిపోయినట్టు కూర్చుండిపోయింది. అంకె తప్పు కాదు సారూ అని మాత్రం అనగలిగింది. సారు తల ఊపాడు. నమ్మిన ఊపు కాదది.

సరిగ్గా అప్పుడు శ్రీకాంత్ వచ్చాడు. మెడలో జాతరలో కొన్న ఈల వేలాడుతోంది. తలుపు దగ్గర నిలబడి ఈల ఊదబోయి, గోపమ్మ ముఖం చూశాడు. కిటికీలోంచి అవతల ఆమె కుర్చీలో ఉన్న లాజరును చూశాడు. సారు బల్ల మీద మూడు పొట్లాల చీటీలు వరసగా ఉన్నాయి.

"సారూ," అన్నాడు, "ఆ మూడు పొట్లాలు ఒక్క బస్తావే."

సారుకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పమన్నాడు. శ్రీకాంత్ మళ్లీ చెప్పాడు. మన గోదాములోదే, ఒక్క బస్తాదే, నేనే కట్టిన, నవ్వనీకి కట్టిన అన్నాడు.

సారు మూడు చీటీలనూ ఒకదాని మీద ఒకటి పెట్టాడు, మళ్లీ విడదీశాడు. సూర్యాపేటకు ఫోన్ చేసి, అక్కడ ఏరే సేవ్యాతో, నీ పొట్లంలో ఇంకా బియ్యం ఉన్నాయా, మళ్లీ ఏరి చెప్పు అన్నాడు. కాసేపటికి సేవ్యా చెప్పాడు, పదకొండే సారూ అని. కోదాడ వాడికి రెండుసార్లూ ఆరే. సూర్యాపేట వాడికి రెండుసార్లూ పదకొండే. ఒక్క బస్తా బియ్యం. ఆరు, పదకొండు, పద్దెనిమిది.

మురళీధర్ సారు శ్రీకాంత్‌ను తిట్టాల్సింది. తిట్టడం కూడా మరిచిపోయాడు. ఆయన చూపు గోడకున్న రంగుల కాగితం మీద పడింది. మూడు నెలల పచ్చలు, మూడు నెలల ఎరుపులు. దాన్ని చూసే రోలర్లు మార్చాడు. దాన్ని చూసే కేరళ వ్యాపారికి మాటిచ్చాడు. దాన్ని చూసే కోదాడ మిల్లును ముట్టుకోలేదు. ఇప్పుడు అందులో ఏ గడి నిజమో ఎవరు చెప్పాలి?

గోపమ్మకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. కళ్లు బాగానే ఉన్నాయి, తప్పు పోరగాడిది. లేచి నిలబడింది.

"నా పొట్లం తీస్కరాండ్రి. అందరి ముందట ఏరుత."

తీసుకొచ్చారు. లాజరు కుర్చీ వదిలి గోడ పక్కకు జరిగాడు. సారు, శ్రీకాంత్, ఇద్దరు హమాలీలు చుట్టూ నిలబడ్డారు. ఆమె పలక తుడిచి, ఐదు వందల గింజలు పోసి, పని మొదలుపెట్టింది. చేతులు ఎప్పటిలాగే నడిచాయి. నిండు గింజ ఎడమకు, నూక కుడికి. అనుమానం వస్తే బొటనవేలి మీద ఒక్క క్షణం. అయ్యాక కుడివైపు కుప్పను లెక్కపెట్టింది. నలభై ఐదు. నూటికి తొమ్మిది.

రెండోసారి లెక్కపెట్టింది. నలభై ఐదే. కుప్పలన్నీ కలిపేసి, మళ్లీ మొదటి నుంచి ఏరింది. ఈసారి నలభై నాలుగు.

పోయిన శుక్రవారం ఇదే పొట్లం. ఇదే పలక, ఇదే కిటికీ. అప్పుడు పద్దెనిమిది అంది. లాజరు నవ్వుతాడేమోనని శ్రీకాంత్ చూశాడు. లాజరు తన చేతులు వెనక్కి పెట్టుకుని నేల వైపు చూస్తున్నాడు. వేరేవాళ్లతో అంకె కలవకపోతే గొడవ పడొచ్చు. తనతో తనకే కలవకపోతే ఎవరితో గొడవ పడాలి? గోపమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి నడిచింది.

వడ్లు ఉడికే తొట్ల పక్కన నల్లా ఉంది. ఆవిరి కమ్ముకుంటుంటే అక్కడ నిలబడిపోయింది. ఇరవై రెండేళ్లలో వాపసు పోయిన లారీలు కళ్ల ముందు వరసగా వచ్చాయి. బతిమాలిన డ్రైవర్లు, అలిగిన బామ్మర్ది. పోనిచ్చిన లారీలు ఇంకా ఎక్కువ భయపెట్టాయి. సంచులు కుట్టే దగ్గరికే పోవాలి, అదే న్యాయం అనుకుంది. అద్దాలు కూడా పెట్టుకోవాలి. నల్లా తిప్పి ముఖం కడుక్కుంది. చేతులు రుద్దుకుంటుంటే ఎడమ బొటనవేలి దగ్గర చురుక్కుమంది. నిన్న జానయ్య బ్లేడుతో కొద్దిగా తెగింది అక్కడ.

ఆమె వేలిని కళ్ల దగ్గరగా పెట్టుకుని చూసింది. గోరు చివరి తెల్లటి అంచు సన్నగా ఉంది. పోయిన వారం ఇది దాదాపు గింజంత ఉంది.

తర్వాత ఆమె నాతో అన్నది ఏమిటంటే, గొర్రె తప్పిపోయిందని ఊరంతా తిరిగి, అది మన భుజం మీదే ఉందని తెలిస్తే ఎట్లుంటదో అట్లా అయిందట. చెయ్యి నీళ్ల కిందే ఉండిపోయింది. అనుమానం వచ్చిన గింజను ఆమె ఆనించేది ఆ అంచు మీదే. అంచు కన్నా పొట్టిదైతే నూక, పొడుగైతే బియ్యం. పని మొదలుపెట్టిన రోజుల్లో ఎప్పుడో పడ్డ అలవాటు. కళ్లతో చూస్తున్నాననే అనుకుంది ఇన్నేళ్లూ. కొలిచింది గోరు. ఆ గోరేమో పెరుగుతూ పోయింది.

ఆ సంగతి మిల్లులో ఎవరికీ తెలియదు. తెలిసే దారి కూడా లేదు. చెప్పకపోతే, పోరగాడు పొట్లాలు కలిపేశాడు, ఏదో తికమక అయింది అని అందరూ వాడి మీదే వేసేవారు. ఆమె చేతులు తుడుచుకుని లోపలికి వచ్చింది.

శ్రీకాంత్‌ను కంప్యూటర్ తెరవమంది. నేను గురువారం చెప్పిన అంకెలు చదువు అంది. వాడు చదివాడు. తొమ్మిది, పది, పది. ఇప్పుడు శుక్రవారంవి చదువు అంది. తర్వాత శనివారం, సోమవారం, మంగళవారం. ఒక్కో రోజూ కొంచెం కొంచెం ఎక్కుతూ, బుధవారానికి పదమూడు, పద్నాలుగు. మళ్లీ గురువారం తొమ్మిదికి దిగడం. దిష్టిపూజ జరిగిన రోజు నుంచి మాత్రం దిగనే లేదు, పదిహేను, పదహారు, పద్దెనిమిది. వాడు చదువుతూ చదువుతూ ఆగిపోయాడు. ఈ అంకెలను వాడు వంద సార్లు చూశాడు.

"మంగళారం, శుక్రారం, శనారం గోర్లు తియ్యద్దు," అంది గోపమ్మ. "సోమారం స్వామి దినం. ఐతారం మంద పని. నేను తీసేది బుధారం సాయంత్రం." అని ఎడమ బొటనవేలు చాపి సారుకు చూపించింది. "ఇగో, ఇదే నా కొలత."

సారు ఆ వేలిని చూశాడు. చాలాసేపు చూశాడు. బాయిలర్ మనిషికి ఇచ్చిన మైసూర్‌పాక్ డబ్బా ఆయనకూ, శ్రీకాంత్‌కూ ఒకేసారి గుర్తొచ్చినట్టుంది. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

గోపమ్మ అక్కడితో ఆగలేదు. తనది గోరు, సరే. మరి వీళ్లవేంటి? లాజరు వైపు తిరిగి, నీకు నూక అంటే ఏది అని అడిగింది. లాజరు తడుముకోకుండా, సగం కన్నా చిన్నదైతేనే నూకండి, సగం దాటితే బియ్యం కిందే లెక్క, మా మామగారు నేర్పింది అదే అన్నాడు. సేవ్యాకు ఫోన్ చేసి అడిగితే, జల్లెడ్ల పోస్త అక్కా, కింద పడ్డది నూక, మీద ఉన్నది బియ్యం అన్నాడు. ఆ జల్లెడ ఎక్కడిది అంటే, మొదటి నుంచి మిల్లులోనే ఉంది, రంధ్రాలు కొన్ని వదులయినయి అన్నాడు.

ముగ్గురూ ఎవర్నీ మోసం చెయ్యలేదు. ముగ్గురూ శ్రద్ధగానే ఏరారు. ఒక్కొక్కరు ఒక్కో దాన్ని నూక అనుకున్నారు, అంతే. ఆ గదిలో అన్నిటికంటే పెద్ద దెబ్బ అదే. దొంగ ఎవరో దొరికితే బాగుండునని సారు ముఖంలో కనిపించింది.

గోపమ్మ గోడ దగ్గరికి పోయింది. ఆమెకు చదువు అంతంత మాత్రం. రంగుల కాగితం మీద వేలు పెట్టి, ఈ గడి ఏంది, ఈ గడి ఏంది అని శ్రీకాంత్‌తో ఒక్కొక్కటీ చదివించింది. తేదీ, మిల్లు, లారీ, పేరు, నూటికి నూక, హద్దు. చివరిదాకా వచ్చి ఆగింది.

"అన్నీ రాసినవ్ బిడ్డా. నూక అంటే ఏందో ఎక్కడ రాసినవ్?"

వాడు కాగితం చూశాడు, కంప్యూటర్ చూశాడు. ఎక్కడా రాయలేదు. నూకంటే నూకే కదా, అందరికీ తెలిసిందే కదా అనుకున్నాడు. వాడు చూసిన వీడియోల్లో మొదటి పాఠమే అది. దేన్ని లోపం అంటారో ముందు అందరూ ఒక్క మాట మీదికి రావాలని. అది చప్పగా ఉందని వాడు దాన్ని దాటేసి, రంగులు వేసే పాఠానికి పోయాడు.

ఆ మధ్యాహ్నం ఎవరూ సరిగా అన్నం తినలేదు. సారు, కొనేవాళ్లతో రాసుకున్న పాత ఒప్పందం బీరువాలోంచి తీయించాడు. నిండు గింజలో ముప్పావు కన్నా పొట్టిగా ఉన్నది నూక అని అందులో స్పష్టంగా ఉంది. ఏళ్ల తరబడి బీరువాలో పడి ఉంది. ముప్పావు అనేది కంటికి తెలిసేదెట్లా అని లాజరు అడిగాడు. గోపమ్మ ఒక మందపాటి అట్ట తెప్పించింది. బస్తాలోంచి నిండు గింజలు ఏరి, వాటిలో మరీ పొడుగుదీ మరీ పొట్టిదీ తీసేసి, మధ్యరకంది ఒకటి అట్ట మీద జిగురుతో అతికించింది. దాని పక్కన అంతే ఉన్న ఇంకో గింజను బ్లేడుతో ముప్పావుకు కోసి అతికించింది. మొదటి మూడు గింజలు పగిలిపోయాయి, నాలుగోది నిలబడింది. స్కేలు పెట్టి సారే కొలిచాడు. ఆ కోసిన గింజ కన్నా పొట్టిది నూక. సమానంగా ఉంటే బియ్యం. తేల్చుకోలేకపోతే ఏం చెయ్యాలని లాజరు మళ్లీ అడిగితే, తేలనిది కూడా బియ్యమే అనుకుందాం, కానీ మూడు ఊళ్లలో అట్లనే అనుకోవాలె అంది. సన్నబియ్యానికి ఈ అట్ట పనికిరాదు, దానికి వేరే చెయ్యాలి అని కూడా ఆమే గుర్తుచేసింది.

ఒకే రకం అట్టలు మూడు తయారయ్యాయి. సేవ్యా బస్సెక్కి వచ్చాడు. సాయంత్రం కిటికీ వెలుగు ఉండగానే ముగ్గురూ మూడు పలకల ముందు కూర్చున్నారు. అదే బస్తా, మూడు పొట్లాలు. ఒకరి పలక ఒకరికి కనిపించకుండా మధ్యలో సంచులు నిలబెట్టారు. గోపమ్మ అనుమానం వచ్చిన ప్రతిసారీ బొటనవేలు ముందుకు తెచ్చి, గుర్తొచ్చి, వెనక్కి లాక్కుని, గింజను అట్ట దగ్గర పెట్టి చూసింది. ఇంతకుముందు ఏడు నిమిషాల్లో అయ్యే పని ఇప్పుడు పావుగంట పట్టింది. ఆమె చేతులు అంత నెమ్మదిగా నడవడం మిల్లులో ఎవరూ చూడలేదు.

లాజరు పదమూడు అన్నాడు. అద్దం లాంటి బియ్యం అనే మాట ఆ సాయంత్రమే ఆయన నోటి నుంచి పోయింది. సేవ్యా పన్నెండు అన్నాడు. గోపమ్మ కుప్పను రెండుసార్లు లెక్కపెట్టుకుని పదమూడు అంది.

మురళీధర్ సారు బరువుగా ఊపిరి వదిలాడు. బియ్యం లాజరు అన్నంత మంచిదీ కాదు, గోపమ్మ అన్నంత చెడ్డదీ కాదు. పదమూడు. పదమూడంటే నిజంగానే ఎక్కువ, మిల్లులో ఏదో సరిగా లేదు. మూడు నెలల తర్వాత ఇప్పుడు పని మొదలవుతుందన్నమాట. కోదాడలో ఎంతుందో, ఆ మిల్లులో ఏం దాక్కుని ఉందో తలుచుకుని ఆయన కణతలు నొక్కుకున్నాడు. రంగుల కాగితాన్ని తనే గోడ మీంచి పీకి, మడిచి, శ్రీకాంత్ చొక్కా జేబులో పెట్టాడు.

బల్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. గోపమ్మే ఎత్తింది. అంకె తప్పు చెప్పిన మాట నిజమే, సంచులు కుట్టమంటే కుడతాను అంది. సారు జవాబు చెప్పేలోపే లాజరు ఆ కుర్చీ ఎత్తి, కిటికీ పక్కకు జరిపి, తన రుమాలుతో దులిపాడు.

"ఇంకెవరైనా అయితే ఆ వేలు జేబులో పెట్టుకునేవాళ్లు అక్కా," అన్నాడు. "మీరు కూర్చోండి."

సారు తల ఊపాడు. ఈసారి ఆ ఊపు వేరుగా ఉంది. పొద్దున తెచ్చిన ప్రసాదం అప్పుడు తిన్నాడు లాజరు, అట్ట సంచిలో జాగ్రత్తగా పెట్టుకుని కోదాడ బస్సుకు పోయాడు.

కూర్చునే ముందు గోపమ్మ ఒక షరతు పెట్టింది. శ్రీకాంత్ చేసిన దొంగపని నెలకోసారి మళ్లీ చెయ్యాలి. ఒక్క బస్తా, మూడు పొట్లాలు, మీద ఏ ఊరి పేరూ ఉండొద్దు. తనకు కూడా తెలియనియ్యొద్దు. ఒక్క సారుకు మాత్రం ముందే చెప్పి చెయ్యాలి. అంకెలు కలిస్తే సరే, కలవకపోతే మళ్లీ అట్టలు ముందేసుకుని కూర్చోవాలి. కొంటెతనానికి తిట్లు పడతాయని చూస్తున్న శ్రీకాంత్‌కు అది డ్యూటీ అయిపోయింది. అంతకన్నా పెద్ద శిక్ష వాడి జీవితంలో లేదు.

నెల తిరిగింది. పేరులేని పొట్లం పట్టుకుని శ్రీకాంత్ కిటికీ దగ్గరికి వచ్చాడు. గోపమ్మ అట్టను ముందు పెట్టుకుని ఏరుతోంది. ఆ రోజు బుధవారం, గోళ్లు పెరిగే ఉన్నాయి, అంకె మాత్రం పెరగలేదు. వాడికి నోరు ఊరుకోలేదు. పెద్దమ్మా, ఒక్క మాటడుగుత కోపం చెయ్యకు, ఇరవై రెండేండ్లు గోటి మీద లారీలు వాపస్ పంపితివి గదా, ఆ డ్రైవర్లంతా ఒక్కసారి వచ్చి అడిగితె ఏం చెప్తవ్ అన్నాడు.

ఆమె తల ఎత్తలేదు. ఒక గింజను అట్ట దగ్గర పెట్టి చూసి, కుడికి తోసింది.

"నా తప్పు నేనే పట్టుకున్న అని చెప్త. నీ తప్పు గూడ నేనే పట్టుకున్న అని చెప్త. మూడు నెలలు కంప్యూటర్ ముందట కూసోని నువ్వేం పట్టుకున్నవ్ రా, మైసూర్‌పాక్ డబ్బానా?"